జపాన్‌లో ప్రతిభను సూచించే పదాలు – చారిత్రక పరిశీలన

అసాధారణ ప్రతిభ గలవారిని ఒక సమాజం ఏ పేరుతో పిలిచిందో గమనిస్తే, ప్రతిభను గుర్తించే అధికారం ఎవరి చేతిలో ఉండేదో తెలుస్తుంది. జపాన్ భాషలోని మూడు పదాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

మొదటిది 'షూసాయ్'. అంటే మేలైన ప్రతిభ. చైనా నుంచి వచ్చిన ఈ పదం, క్రీ.శ. 701 నాటి తైహో స్మృతి ప్రకారం అధికారుల ఎంపికకు జరిపే పరీక్షల్లో అత్యున్నతమైన దానికి పేరు. అయితే చైనాలో వలె జపాన్‌లో పరీక్షా విధానం వేళ్ళూనలేదు. ఉన్నత వంశాల కుమారులకు తండ్రి, తాతల హోదాను బట్టి పరీక్ష లేకుండానే అధికార శ్రేణి లభించేది. పండిత కుటుంబానికి చెందిన సుగవారా నో మిచిజానే 870లో ఈ కఠిన పరీక్షలో ఉత్తీర్ణుడై, 899 నాటికి మంత్రి పదవికి ఎదిగాడు. బలవంతులైన ఫుజివారా వంశీయులతో వైరం కారణంగా 901లో రాజధాని విడిచి దూరాన ఉన్న దజైఫుకు వెళ్ళవలసి వచ్చింది. 903లో అక్కడే మరణించాడు. పరీక్ష అతనికి పదవిని ఇచ్చింది కాని, రక్షణ ఇవ్వలేకపోయింది. తరువాతి కాలంలో అతనిని 'తెన్‌జిన్' అనే విద్యాదైవంగా కొలిచారు. నేటికీ పరీక్షలకు వెళ్ళే విద్యార్థులు అతని ఆలయాల్లో మొక్కుకుంటారు.

రెండవది 'మెయిజిన్', అంటే పేరుగాంచిన వ్యక్తి. ఎడో కాలంలో (1603–1868) షోగి అనే జపాన్ చదరంగంలో ఇది అత్యున్నత బిరుదు. షోగునుల ప్రభుత్వం నుంచి భృతి పొందే మూడు కుటుంబాలకే ఇది పరిమితం. ఒకసారి పొందినవారికి జీవితాంతం ఉండేది. 13వ మెయిజిన్ సెకినె కింజిరో హయాంలో, 1935లో ఈ జీవితకాల పద్ధతికి స్వస్తి పలికారు. పోటీల ద్వారా 1937లో కిమురా యోషియో మెయిజిన్ అయ్యాడు. 2023లో ఫుజీ సోతా 20 ఏళ్ళ వయసులోనే ఈ బిరుదును గెలుచుకున్నాడు.

మూడవది 'తెన్‌సాయ్'. 'తెన్' అంటే ఆకాశం, 'సాయ్' అంటే ప్రతిభ. దైవదత్తమైన మేధ అని భావం. నేటి వాడుకలో తెన్‌సాయ్ అంటే పుట్టుకతో మేధావి; షూసాయ్ అంటే సాధారణంగా శ్రమించి చదివి ముందుకు వచ్చినవాడు. ఈ రెండింటినీ పోల్చినప్పుడు తెన్‌సాయ్‌కే ఎక్కువ గౌరవం దక్కుతుంది. ఒకప్పుడు రాజ్యంలోని అత్యున్నత పరీక్షకు పేరైన పదం ఈ విధంగా రెండవ స్థానానికి చేరింది.

షూసాయ్‌ను పరీక్ష, ఎడో కాలపు మెయిజిన్‌ను కుటుంబం, తెన్‌సాయ్‌ను ప్రకృతి నిర్ణయించాయని భావించారు. ప్రతిభ అనేది వ్యక్తిలో ఉన్నా, దానికి గుర్తింపు ఇచ్చేది సమాజమేనని ఈ మూడు పదాల చరిత్ర స్పష్టం చేస్తున్నది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మెయిజిన్ బిరుదును ఇచ్చే పద్ధతిలో 1935 తరువాత వచ్చిన మార్పును వివరించండి.