తునికాకు పైసలు

దగ్గరికి జరుగు బిడ్డా, మంట మంచిగ అంటుకున్నది. సెలవులల్ల ఏం పని చేస్తే బాగుంటది తాతా అని అడుగుతివి గద. మేం బడికి పోయే రోజులల్ల మన ఏటూరునాగారం దిక్కు ఆ ముచ్చట అడిగేటోడే లేడు. పరీక్షలు అయిపోయినయంటే తునికాకే. పెద్దలకూ అదే, పిల్లలకూ అదే.

చలికాలం పోయినంక అడివిల తునికి పొదలు నరుకుతరు. నరికితెనే కొత్త చిగురు లేస్తది. ఏప్రిల్ ఆఖరుకు ఆ చిగురు అరచెయ్యంత ఆకయితది. మరీ లేతదైతే ఎండినంక ముడుసుకపోతది, ముదిరిందైతే బీడీ చుట్టంగ పలుగుతది, పొక్కులున్నదైతే ఎవ్వడూ తీసుకోడు. చూసుడు కాదు, చేతితోని తడిమి పట్టాలె. అది మా అమ్మ నేర్పింది.

కోడి కూయకముందే సద్ది మూట, సొరకాయ బుర్రల నీళ్లు పట్టుకొని పోతుంటిమి. ఒంటిగ పోనియ్యకపోదురు. ఇప్పపువ్వుకు, తునికిపండ్లకు ఎలుగుబంట్లు తిరుగుతుండె, అందుకే కేకలు పెట్టుకుంట నడుస్తుంటిమి. ఎండ ముదరకముందే ఇల్లు చేరి, నీడపట్టున కూసొని కట్టలు కట్టుడు. కట్టకు 50 ఆకులు, నారతోని ముడి. మాపటికి కల్లం కాడికి మోసుకపోయి వరుసలు పేర్చుడు. ఎండినంక వెయ్యి కట్టలకు ఒక బస్తా. నిజామాబాదు, జగిత్యాల దిక్కు ఆడోళ్లు చుట్టిన బీడీలల్ల గిసొంటి అడివి ఆకే ఉండేది.

అసలు బాధ కల్లం కాడ. నూరు కట్టలు ఇస్తే, కల్లం చూసుకునే కల్లేదారు పైన కొసరు అడిగేది. బాగలేదని కొన్ని పక్కకు విసిరేసేది, మనం ఇల్లు చేరంగనే అవే కట్టలు వరుసల కలుపుకునేది. మా అమ్మకు రాసుడు రాదు. పొద్దుగాల వంగి తెంపిన ఆకు ఎంతయిందో, పైసలు ఎన్ని రావాలెనో వాడు చెప్పిందే లెక్క.

మా పెద్దన్న అప్పుడు ఏడో తరగతి. నోటుబుక్కు ఆఖరి కాయితంల ఇంటి కట్టలు రోజూ రాసుడు మొదలువెట్టిండు. వాడకట్టు ఆడోళ్లు చూసి, మాయి గూడ రాయి కొడుకా అన్నరు. పైసలు పంచేనాడు పుస్తకం తెరిచి పేరుపేరునా చదివిండు. కల్లేదారు మొఖం మాడింది గని, అంతమంది ముంగట ఏమనలేకపోయిండు. మరుసటేడు, ఆ పిలగాడు లెక్క రాస్తెనే ఆకు పోస్తమని ఆడోళ్లు మొండికేసిన్రు. అట్ల మా అన్నకు కల్లం మీద రాత పని దొరికింది. ఆకు తెంపినదానికన్న ఎక్కువే వచ్చింది. జూన్‌ల బడి తెరిచేటాల్లకు నాకు గూడ కొత్త పుస్తకాలు, కొత్త లాగు. చదువుకున్న పిలగాడు ఊరికి గంత అక్కరకొచ్చుడు నేను కండ్లార చూసిన.

1971ల చట్టమొచ్చి ఆకు వ్యాపారం సర్కారు చేతిలకు పోయింది. అయినా మాకు తెలిసినకాడికి కట్ట రేటు పెరిగింది జనం సంఘం కట్టి, ఆకు తెంపుడు ఆపి కొట్లాడితెనే. ఒక్కొక్క పైస కోసం కల్లాలు బందుపెట్టి కూసున్నరు, ఆ కూసున్నోళ్లల్ల మా అమ్మ గూడ ఉన్నది.

ఇగ నీ సంగతి. హన్మకొండల బట్టల దుకాణంల పనన్నా చెయ్యి, సామాన్లు ఇండ్లకు చేరేసే పనన్నా చెయ్యి, నాకు సంబురమే. ముందుగాల పైసలు కడితె ఉద్యోగమిస్త అనేటోని గడప తొక్కకు. పనిచ్చేటోడు ఎప్పుడన్నా నీకే పైసలియ్యాలె గని, నీ దగ్గర తీసుకొనుడేంది? ఏ పూట వచ్చినవో, ఏ పూట పోయినవో నీ పుస్తకంల నువ్వు రాసుకో. ఆ దుకాణపాయన నెలకు ఎంతిస్తనన్నడు, ఏ తారీఖుకు ఇస్తనన్నడు? అడగలేదా? రేపు పొద్దుగాల ఫోన్ చేసి అడుగు. అడిగినందుకే వద్దంటే ఆ పని పోనీ, ఇంకోటి చూద్దాం.