జోలపాట ఎవరిది?

షినాస్‌లో రాత్రి రెండు గంటలకు ఏ ఇంట్లోనైనా దీపం వెలుగుతున్నదంటే అది వేటకు బయలుదేరే వారి ఇల్లన్నా కావాలి, పసిపిల్లలున్న మన తెలుగువారి ఇల్లన్నా కావాలి. పురుడు పోయడానికి వచ్చిన అమ్మమ్మ వీసా గడువు కాగానే తిరిగి వెళ్ళిపోతుంది. తండ్రికి సోహార్ రేవులో రాత్రి షిఫ్టు. తల్లి ఒక్కతే బిడ్డను భుజాన వేసుకుని గదిలో ఇటునుంచి అటు తిరుగుతూ ఉంటుంది. ఫోనులో జోలపాట పెడితే, బిడ్డ కళ్ళు మూతలు పడే సమయానికి ఏదో సబ్బు ప్రకటన గట్టిగా మోగుతుంది. కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

అందుకని పోయిన ఏడాది మేము ఒక పని తలపెట్టాము. ఇక్కడి కుటుంబాలలో పాడుకునే జోలలు, లాలిపాటలు రాయించుకుని, ప్రతులు తీసి అందరికీ పంచుదామనుకున్నాము. మాలో కాంట్రాక్టు కాగితాలు చూసే ఉద్యోగి ఒకాయన ఉన్నారు. "ఇవి ఎవరి పాటలో విచారించారా?" అని అడిగారు. జోలపాటకు కాపీరైటు ఏమిటండీ అని నవ్వాము. తీరా చూస్తే అది అంత నవ్వులాట కాదు.

అందరి ఇళ్ళలో వినిపించే జోల అన్నమయ్యదిగా ప్రసిద్ధమైనది. ఆయన 1503లో పరమపదించారు. మన దేశపు 1957 చట్టం ప్రకారం కర్త మరణించాక 50 ఏళ్ళు హక్కు ఉండేది. 1992 సవరణతో 60 అయింది. (1941లో మరణించిన రవీంద్రుని రచనలకు గడువు తీరబోవడమే ఆ పొడిగింపుకు కారణం.) ఒమాన్‌లో 1996 దాకా ఇలాంటి చట్టమే లేదు. గల్ఫ్ నుంచి ఇంటికి పెట్టెలనిండా కాసెట్లు మోసిన పెద్దలకు ఆ రోజులు బాగానే గుర్తుంటాయి. 2008 నాటి శాసనం ఇక్కడ 70 ఏళ్ళు చేసింది. ఏ లెక్కన చూసినా అన్నమయ్య మాటలు అందరివీను.

బాణీల సంగతి వేరు. తిరుమల రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉన్నది గాని స్వరం లేదు. ఈనాడు మనం వినే అన్నమయ్య పాటల బాణీలు చాలా మట్టుకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వారిలో పెద్దవారైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో స్వర్గస్థులైనారు. ఆయన కట్టిన బాణీలకు మన చట్టం లెక్కన 2039 చివరిదాకా గడువున్నది. రికార్డుకు మళ్ళీ వేరే హక్కు, విడుదలైన నాటినుంచి 60 ఏళ్ళు. అమ్మమ్మ నోటి పాట రాసుకుని పంచవచ్చు. ఫోనులో మోగే గాయని పాటను ప్రతులు తీసి పంచరాదు. ప్రకటన మాత్రం ఉచితం.

అన్నమయ్యకు కూడా ఈ బెడద తప్పలేదు. తన పదాలను చూసి పదాలల్లే వారిని మందలిస్తూ ఆయన ఒక కీర్తనే చెప్పారు. వాడేసిన పువ్వూ, తిని పారేసిన విస్తరీ ఎలా పనికిరావో, ఒకరి పాటకు నకలు కూడా శ్రీహరికి అలాగే తగదని దాని భావం. డబ్బు ప్రస్తావన లేదు. ఆయన కోపమంతా ఎంగిలి మీదనే! మనవారు సప్తసంతానాలలో కొడుకుతో పాటు కావ్యాన్ని కూడా లెక్కించారు. ఆ పదాలను రాగిరేకుల కెక్కించిన పని కొడుకు పెదతిరుమలాచార్యులది. ఒక సంతానం ఇంకొక సంతానాన్ని కాపాడిందన్నమాట.

మా ప్రతుల సంగతి చెప్పవలసి ఉన్నది. కర్త తెలిసిన పాటకు పేరు వేశాము. తెలియని వాటి కింద "సంప్రదాయం" అని వేసి ఊరుకున్నాము. పంచిన రోజున ఒక తల్లి కాగితం చేతబట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరకు మెల్లగా అన్నది: "ఇది మా వాడికి పళ్ళు వచ్చే రోజుల్లో నేను కట్టుకున్నదండీ."

వరస పాతదే. మాటలు ఆమెవి. నెలన్నరపాటు కంటిమీద కునుకు లేక, ఒక రాత్రికి ఒక చరణం చొప్పున చేరుస్తూ పోయిందట. మేము అడగనే లేదు. ఆమె పక్కింటావిడ పాడగా విని రాసుకున్నాము. జోల గనుక, పాడినది ఆడమనిషి గనుక, సంప్రదాయమే అయి ఉంటుందనుకున్నాము. కీర్తనకారుడు చివరి చరణంలో తన ముద్ర వేసుకుంటాడు. ఈ తల్లి పాట చివరిదాకా వస్తే గద! బిడ్డకన్నా ముందు ఆమెకే నిద్ర వచ్చేదట.

1957 చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుంది. ఈమె అమ్ముకోనూ లేదు, ఇవ్వనూ లేదు. జానపద గేయాల పుస్తకాలలో ఇలా పేరు పోయిన తల్లులు ఎందరున్నారో అని ఆ రాత్రి మాకు, ఏ బిడ్డా లేపకుండానే, నిద్ర పట్టలేదు.

రెండవసారి ప్రతులు తీసినప్పుడు, ఆమె అనుమతి అడిగి పాట కింద పేరు వేశాము. ఆమె ఒక మాట కూడా దిద్దింది. మూడో చరణంలో మేము "అల" అని రాసుకున్నది "అల" కాదట, "వల" అట. తెల్లవారుజామున కిటికీలోంచి చూస్తే, ఒడ్డున జాలరులు సర్దుకుంటూ కనిపించేది అదేనట.