తర్వడ్ అంటే తంగేడే

మన ఇళ్లలో బాగ్ అనగానే గుర్తొచ్చేవి గులాబ్, చమేలీ, మోతియా. పొలం గట్టు మీద పూసే తంగేడునూ, చేలల్లో లేచే గునుగునూ మనం పూలలో లెక్కపెట్టం. అవి జంగల్ మొక్కలు, బతుకమ్మ రోజుల్లో పక్కింటి వాళ్లు కోసుకొచ్చేవి. ఉర్దూ మీడియం బడిలో నేను చదివిన తారీఖ్ పాఠాల్లోనూ బాగ్ అంటే బాద్‌షాలదే. ఫవ్వారాలు, నహర్లు, బయటి ముల్కుల నుంచి తెప్పించిన మొక్కలు. కానీ ఆ బాద్‌షాల రాతలనే తీరిగ్గా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది.

బాబర్‌కు కాబుల్ కొండల మీద పూసే లాలా పూలంటే ప్రాణం. అవి ఎన్ని రకాలో లెక్కపెట్టిస్తే 32 లేక 33 తేలాయని బాబర్‌నామాలో రాసుకున్నాడు. ఒకదానికి గులాబ్ ఖుష్బూ ఉందని లాలా-ఎ-గుల్‌బూ అన్నాడు. ఇవి ఏ మాలీ పెంచినవీ కావు, కొండవాలు మీద వాటంతటవే మొలిచినవి. ఆయన మనవడి కొడుకు జహంగీర్ 1620లో కశ్మీర్ వెళ్లినప్పుడు అక్కడి పూలను ఉస్తాద్ మన్సూర్‌తో గీయించాడు. ఆ తస్వీర్లు వందకు పైనే ఉన్నాయని తన తుజుక్‌లో నమోదు చేశాడు. వాటిలో ఇప్పుడు మిగిలినవి చాలా కొద్ది.

మన దఖ్ఖన్‌కు వద్దాం. 1591లో హైదరాబాద్‌కు బునియాద్ వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దఖ్ఖనీలో షాయరీ రాశాడు. 1940లో డాక్టర్ జోర్ సాహెబ్ అచ్చు వేయించిన ఆయన కుల్లియాత్‌లో బాగుల మీదా, బసంత్ మీదా, మిర్గ్ మీదా నజ్మ్‌లు ఉన్నాయి. మిర్గ్ అంటే మృగశిరే. తెలుగు రైతు విత్తనం చేతపట్టే కార్తె గోల్కొండ సుల్తాన్‌కు జష్న్ అయింది. ఈ నేల మౌసమ్‌ను ఆయన తనదనే అనుకున్నాడు.

ఇక తంగేడు. దఖ్ఖనీలో దాన్ని తర్వడ్ అంటారు. పేరుందంటే మన బుజుర్గులకు దానితో పరిచయం ఉన్నట్టే. మన ఊళ్లలో తోళ్లు ఊనేవాళ్లకు తంగేడు చెక్కే ఆధారం. మద్రాసు రాష్ట్రంలో ఆ చెక్కతో ఊనిన తోళ్లు ఓడలెక్కి విలాయత్ వెళ్లేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల బూట్లకు కూడా అవే వాడారు. వాణియంబాడి, ఆంబూరు వైపు ఎన్నో ముస్లిం ఖాందాన్లు తోళ్ల తిజారత్ మీదే నిలబడ్డాయి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయ్యాక తంగేడు చెక్కకు గిరాకీ తగ్గింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అయినా మన ఆంగన్‌లోకి మాత్రం అది రాలేదు.

రావాల్సిన అవసరం ఇప్పుడుంది. తంగేడు గుట్టలు ప్లాట్లవుతున్నాయి. గునుగు చేలల్లో కలుపుమందుకు మాడిపోతోంది. నర్సరీలో ఈ మొక్కలు అడిగితే నవ్వుతారు. కాబట్టి విత్తనం మనమే ఏరుకోవాలి.

కాయలు ఆకుపచ్చగా ఉన్నప్పుడు తెంపకండి. తంగేడు కాయ ఎండి, గోధుమరంగుకు తిరిగి, కాగితంలా గలగలమనాలి. గునుగు కంకి ఎండాక కాగితం మీద దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. పొలం ఎవరిదైతే వాళ్ల ఇజాజత్ తీసుకోండి. ఒక్కో మొక్క నుంచి కొన్నే తీసుకోండి, మిగతావి ఆ జమీన్‌వి. గింజలను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి, పైన ఊరి పేరూ తారీఖూ రాయండి.

మిర్గ్ వానలు పడగానే విత్తాలి. తంగేడు గింజ పెంకు గట్టిది. నీళ్లు కాచి, పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా ఉంచండి. ఉబ్బినవి నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది, చోటు మారిస్తే ఓర్చుకోదు. అందుకే ఉండబోయే చోటే, బాగా ఎండ తగిలేలా నాటాలి. ఎరువు అక్కర్లేదు, నీళ్లు నిలవకూడదు. మొదటి ఏడే పూస్తుందని ఆశపడకండి. గునుగును తడిమట్టి మీద చల్లి, పైన పలుచగా మట్టి జల్లితే చాలు. అది ఆ ఏడే పూస్తుంది, రాలిన గింజలు మరుసటి ఏడు వాటంతటవే లేస్తాయి.

ఇరవై ఏళ్ల జర్నలిజంలో నన్ను చాలామంది అడిగిన సవాల్ ఒకటుంది: “మీవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?” పుట్టింది ఇక్కడ, తెలుగులో డిగ్రీ చేసింది ఇక్కడ అని చెబుతూనే ఉంటాను. మన పిల్లలకూ ఆ సవాల్ తప్పదు. అప్పుడు వాళ్లకు బాబర్ కాబుల్ పూల లెక్క తెలిస్తే మంచిదే. దానికన్నా ముందు తమ ఊరి గుట్ట మీద పూసేదాని పేరు రెండు జబాన్లలోనూ తెలియాలి. ఈసారి సెలవుల్లో వాళ్లను పొలాల వైపు తీసుకెళ్లండి, కవర్ మీద ఊరి పేరూ తారీఖూ వాళ్లచేతే రాయించండి.