బీటీ పత్తి: ఒక చిన్న పొట్లం కథ

బీటీ పత్తి తొలి రోజుల్లో విత్తనాల ప్యాకెట్ కొన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 450 గ్రాముల అసలు విత్తనంతో పాటు 120 గ్రాముల మరో చిన్న పొట్లం వచ్చేది. అందులోవి మామూలు పత్తి గింజలు. బీటీ చేను చుట్టూ వాటిని కనీసం అయిదు సాళ్లు వేయాలని నిబంధన. పురుగు తిని పోయే మొక్కల్ని పనిగట్టుకుని ఏ రైతు వేస్తాడు? చాలామంది ఆ పొట్లాన్ని పక్కన పారేశారు. ఇరవై ఏళ్లు దాటాక వెనక్కి చూస్తే, బీటీ పత్తి మంచీ చెడూ చాలావరకు ఆ పొట్లం చుట్టూనే తిరిగాయని నా నమ్మకం.

ఈ కథ మొదలైంది పత్తి చేలో కాదు, పట్టుపురుగుల తట్టల్లో. 1901లో జపాన్‌లో షిగెతానే ఇషివాతా అనే శాస్త్రవేత్త, ఉన్నట్టుండి కుప్పకూలి చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో ఒక బాక్టీరియాను గుర్తించాడు. పట్టు రైతులకు అది శత్రువు. పదేళ్ల తర్వాత, 1911లో, జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్‌కు పిండికి పట్టే పురుగుల్లో అదే కనిపించింది. ఆ పురుగులు తురింగియా ప్రాంతం నుంచి వచ్చినవి. అందుకే దానికి బాసిల్లస్ తురింజెన్సిస్ అన్న పేరు వచ్చింది. ఆ రెండు మాటల పొడి అక్షరాలే బీటీ.

ఈ బాక్టీరియా స్ఫటికంలాంటి ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. గొంగళిపురుగు కడుపులో క్షారగుణం ఎక్కువ. అక్కడ ఆ స్ఫటికం కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేసి చచ్చిపోతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. ప్రొటీన్ అతుక్కునే తావు కూడా మన పేగుల్లో లేదు. 1938లోనే ఫ్రాన్స్‌లో దీన్ని పురుగుమందుగా అమ్మారు. కానీ చల్లిన మందు ఎండకు కొద్ది రోజుల్లోనే పనికిరాకుండా పోతుంది, కాయలోకి దూరిన పురుగును అసలు అందుకోలేదు. ఆ ప్రొటీన్‌ను మొక్కే తయారుచేసుకుంటే? 1987లో బెల్జియంలోని ఘెంట్ శాస్త్రవేత్తలు పొగాకు మొక్కలో ఆ జన్యువును పెట్టి చూపించారు. 1996లో మోన్‌శాంటో కంపెనీ బీటీ పత్తి అమెరికా పొలాలకు చేరింది.

అప్పుడు మన పత్తి రైతు పరిస్థితి ఏమిటో మరిచిపోకూడదు. దేశంలో సాగుభూమిలో పత్తి వాటా సుమారు 5 శాతమైతే, పురుగుమందుల్లో దాదాపు సగం దానికే పోయేది. శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగేది కాదు. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు చేలను ఊడ్చేసింది. అప్పులు తీరే దారి లేక రైతులు తాము కొన్న మందే తాగి చనిపోయారు. చేనును కాపాడాల్సిన డబ్బా ఇంట్లో చావుకు సాధనమైంది. ఆ రోజుల్ని పక్కన పెట్టి బీటీ విత్తనం కోసం రైతు ఎందుకు ఎగబడ్డాడని అడగడం న్యాయం కాదు.

1998లో ప్రయోగాత్మక సాగు మొదలవగానే కర్ణాటకలో రైతు సంఘం వాళ్లు ఆ చేలను పీకి తగలబెట్టారు. 2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి బయటపడింది. 2002 మార్చిలో మహికో కంపెనీ తయారుచేసిన మూడు బీటీ పత్తి సంకరాలకు కేంద్రం అనుమతినిచ్చింది. వరంగల్ రైతుకు అవి అచ్చిరాలేదు. 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఆగిపోయింది. ప్యాకెట్ 1,600 రూపాయల పైన ఉంటే, 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దాకా వెళ్లి పోరాడి 750కి దించింది. మన ప్రభుత్వం ఒక విత్తనం విషయంలో అంత గట్టిగా నిలబడటం నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అదే ఏడాది రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2 పత్తి వచ్చింది. కొన్నేళ్లలోనే దేశంలో పత్తి చేలల్లో పదింట తొమ్మిది వంతులు బీటీ అయిపోయాయి.

మేలు జరిగింది, అది చిన్న మేలు కాదు. శనగపచ్చ పురుగు కోసం కొట్టే మందులు బాగా తగ్గాయి. మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు తగ్గారని మన దేశంలోనే జరిగిన అధ్యయనాలు చెప్పాయి. పర్యావరణం అన్న మాటకు మొదటి అర్థం చేలో నిలబడి మందు పీల్చే మనిషేనని నేననుకుంటాను.

మరి ఎక్కడ చెడింది? శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది. పక్క చేలల్లో బీటీ రుచి తెలియని పురుగులు కోట్లలో బతికే ఉంటాయి. బీటీని తట్టుకున్న ఒకటీ అరా పురుగు వాటితో జతకడితే, పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి లొంగేవే అవుతాయి. పత్తికి పట్టే మరో పురుగు, గులాబీ రంగు పురుగు, అలా కాదు. దానికి దాదాపు పత్తే లోకం. ఊరంతా బీటీ వేస్తే, బతికి బట్టకట్టిన మొండి పురుగుకు జత దొరికేది ఇంకో మొండి పురుగే. ఆ 120 గ్రాముల పొట్లం పెట్టింది సరిగ్గా ఇందుకు: లొంగే పురుగులకు తావివ్వడానికి. బీటీకి పురుగు లొంగడమనేది ఊరి చెరువులాంటి ఉమ్మడి ఆస్తి. నా ఒక్కడి చేలో వేయకపోతే ఏమవుతుందని ప్రతి రైతూ అనుకున్నాడు. పొట్లం ఇచ్చినవాళ్లు కూడా అదెందుకో చెప్పడానికి పెద్దగా శ్రమపడలేదు. 2010లో గుజరాత్‌లో మొదటి జన్యువును ఈ పురుగు తట్టుకుంటోందని తేలింది. మరో నాలుగైదేళ్లకు రెండోదీ ఓడిపోయింది.

సంకర విత్తనమే ఎంచుకోవడం మరో పొరపాటు. గద్వాల ప్రాంతంలో కూలీలు ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది తయారుచేసే సీడు పత్తి ఇది. ఏటా కొత్త ప్యాకెట్ కొనాల్సిందే. సంకర మొక్క కాయలో కొన్ని గింజలకు బీటీ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గింజ నుంచి గింజకు పాకే గులాబీ పురుగుకు అదొక వ్యాయామశాల అయింది. పైగా మన సంకరాలు ఆరేడు నెలలు చేలోనే ఉంటాయి. పురుగుకు తరం మీద తరం.

ఈలోగా బీటీకి లొంగని తెల్లదోమ, పచ్చదోమలు పెరిగాయి. పత్తి శాస్త్రవేత్త కేశవ్ క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్లతరబడి తిరిగిన మానవ శాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ కలిసి 2020లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, బీటీ రాకముందు కన్నా ఇప్పుడే మన రైతు పురుగుమందుల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు.

ఇదే జన్యువు, ఇదే పురుగు, అమెరికాలో వేరే కథ. అక్కడ బీటీ పత్తితో పాటు గొడ్డు చేసిన రెక్కపురుగుల్ని విమానాల్లోంచి వదిలారు, రైతులంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. 2018లో గులాబీ రంగు పురుగును దేశం నుంచే నిర్మూలించామని ప్రకటించుకున్నారు. శాస్త్రం ఆ పురుగును మొదట వర్ణించింది మన భరూచ్ పత్తి నుంచి, 1843లో. మన నేల మాత్రం దాన్ని వదిలించుకోలేకపోయింది.

ఇప్పుడు వ్యవసాయాధికారులు లింగాకర్షక బుట్టలు కట్టమంటున్నారు, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు ఏరేయమంటున్నారు, డిసెంబరు చివరికల్లా చేను తీసేయమంటున్నారు. తీసిన పత్తికట్టె మాత్రం పొయ్యి కోసమని ఇంటి వెనకే వాము వేసి ఉంటుంది. అందులో ఎండిపోయిన కాయల్లో, ముడుచుకున్న గింజల మధ్య, గులాబీ పురుగు నిద్రపోతూ తొలకరి కోసం ఎదురుచూస్తుంటుంది.