వినువారి తీర్పు

అరుగుమీద పురాణము సాగుచుండగా ఏ ముసలమ్మయో అడ్డు వచ్చి, "శాస్త్రులుగారూ, నిన్న ఈ మాట వేరుగా చెప్పారే!" అని యడిగినచో, పౌరాణికుడు కోపింపక సమాధానము చెప్పవలసినదే. వినువారికి అడుగు హక్కు మన దేశమున చిరకాలముగా కలదు. కథ యంత్రముద్వారా ఇంటిలోనికి వచ్చిన పిమ్మట ఆ హక్కు ఏమైనదని మేము పాఠకుల నడుగుచున్నాము. కుటుంబమంతయు కలసి వినుటకై మతసంస్థలు నిర్మించు శ్రవ్యనాటకముల విషయమున ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, అట్టి నాటకము వినోదముతో తృప్తిపడదు. మన బిడ్డల నడవడిని దిద్దుటకే అది వచ్చుచున్నది.

మదరాసు రేడియో కేంద్రము 1938వ సంవత్సరము జూను 16వ తేదీన ప్రారంభమయ్యెను. తెలుగు నాటకములును, ప్రసంగములును అచటినుండి వెలువడసాగెను. న్యాయపతి రాఘవరావుగారును, వారి భార్య కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లల కార్యక్రమమును నడిపిరి. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో 'బాల' పత్రికను నెలకొల్పి, 1956లో హైదరాబాదునకు వచ్చి ఆ సేవను కొనసాగించిరి. వారి ఘనత యంతయు ఒక్క విషయమున నున్నది: పిల్లలను ఊరక కూర్చుండబెట్టి నీతులు వినిపించుట మాని, వారిచేతనే పాడించిరి, ఆడించిరి, పలికించిరి. వినువాడు నోరు విప్పినప్పుడే విన్నది వాని సొత్తగునని ఆ దంపతులు గ్రహించిరి.

క్రైస్తవ ప్రసారములకు మన ప్రాంతమున సికిందరాబాదు ఒక ముఖ్యస్థానము. 1806లో సైనికుల బసగా నేర్పడిన ఆ పట్టణమునకు రైలు ఉద్యోగులును, వర్తకులును వచ్చి చేరగా, పలు భాషలును పలు మతములును ఇరుగుపొరుగులయ్యెను. అచట సెబాస్టియను రోడ్డులో తెలుగు కతోలిక పీఠాధిపతుల ప్రసార సంస్థయగు అమృతవాణి కలదు. ఫిలిప్పీన్సు దేశపు మనీలా నగరమునుండి 1969లో ప్రసారములు మొదలిడిన రేడియో వెరితాస్ ఆసియా యొక్క తెలుగు విభాగమునకు కార్యక్రమములు ఇచటనే తయారగుచుండెను. సికిందరాబాదులో పలికిన తెలుగుమాట సముద్రము దాటి మనీలాకు పోయి, షార్టువేవుపై తిరిగి వచ్చి, మన పల్లెలలోని ఇండ్లకు చేరుచుండెను. ఎంత దూరప్రయాణము!

షార్టువేవు శ్రోతల కొక లేఖాపద్ధతి కలదు. ధ్వని బలము, ఇతర కేంద్రముల అడ్డు, రొద, తరంగముల ఒడుదొడుకులు, మొత్తముమీద వినికిడి: ఈ యైదింటికిని ఒకటి మొదలు ఐదువరకు అంకెలు వేసి, తేదీ, వేళలతో కేంద్రమునకు వ్రాయుదురు. లేఖ సరియైనదని తోచినచో కేంద్రమువారు తమ గుర్తుగా ఒక బొమ్మకార్డు పంపుదురు. ఈ పద్ధతి మిగుల ఉపయోగకరమైనదే. కాని నాటకములోని తల్లి నిజమైన తల్లివలె మాటాడెనా, దొంగిలించిన పిల్లవాని పశ్చాత్తాపము నమ్మదగినదిగా నున్నదా యను ప్రశ్నలకు ఆ పట్టికలో గడి లేదు. ఆ సంగతిని శ్రోత తన మాటలలో వ్రాయవలసినదే.

ఆ పని శ్రద్ధతో చేయుచున్న శ్రోతలు అమెరికాలో కలరు. ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ యను క్రైస్తవ సంస్థ 1987లో 'అడ్వెంచర్స్ ఇన్ ఒడిస్సీ' యను కుటుంబనాటకమును ప్రారంభించెను. ఒడిస్సీ యనునది ఒక కల్పిత పట్టణము. అందు విట్టకరను పెద్దమనిషి ఐస్‌క్రీము అంగడి నడుపును. అచటికి వచ్చు పిల్లల తప్పులును, తగవులును, దిద్దుబాటులును కథావస్తువు. ఇంచుమించు అరగంట సాగు భాగములు ఇప్పటికి తొమ్మిదివందలకు పైగా వెలువడినవి. బాల్యమున విన్నవారు నేడు తమ బిడ్డలతో కలసి వినుచు, ఒక్కొక్క భాగమునుగూర్చి తమ యభిప్రాయమును వ్రాయుచున్నారు. విట్టకరు పాత్రధారి హాల్ స్మిత్ 1994లో మరణింపగా, 1996లో పాల్ హెర్లింగర్ గొంతుతో ఆ పాత్ర తిరిగి వచ్చెను. అటుపిమ్మట ఆండ్రే స్టోయ్కా దానిని చేపట్టెను. కంటికి కనబడని మనిషికి గొంతే రూపము గదా! శ్రోతలు ఆ మూడు గొంతులను పోల్చి చర్చించుట సహజమే.

అయితే గొంతుల తారతమ్యముకంటె మేము విలువగలదిగా ఎంచు విమర్శ వేరొకటి కలదు. అరగంట ముగియవచ్చినందున తప్పు చేసినవాడు తొందరగా మారెనా? పెద్దలే ఎల్లప్పుడును ఒప్పుగా నుండిరా? ఎదిరించినవాని పక్షమును న్యాయముగా చెప్పనిచ్చిరా? ఇట్లు అడుగువారు ఆ నాటకమునకు శత్రువులు కారు. దానితో పెరిగినవారే, దాని మేలు కోరువారే.

"దైవసంబంధమైన కథను తూచుట అవిధేయత కాదా?" యని కొందరు పెద్దలు శంకింతురు. ఒక ఇంట ఇట్టి నాటకము ముగిసిన పిమ్మట పదేండ్ల బాలిక, "నాన్నా, వాడు అంత త్వరగా ఎట్లా మంచివాడైపోయాడు? నాకైతే తమ్ముడిమీద కోపం మూడు రోజులైనా పోదే!" అని యడిగెననుకొందము. తండ్రి కసరినచో ఆ బిడ్డ అడుగుట మానును. నమ్ముట మాత్రము నేర్వదు. "నిజమే తల్లీ, నాకును పోదు" అని ఆయన ప్రక్కన కూర్చుండినచో, నాటకము చేయలేని పని ఆ సంభాషణ చేయును. క్షమ యెంత కష్టమైనదో తండ్రీబిడ్డ లిరువురును అప్పుడు తెలిసికొందురు. పొగడ్తలే వినుటకు అలవాటుపడిన రచయిత క్రమముగా ఉపన్యాసకుడగును. అతని పాత్రలు మనుష్యులుగా నుండుట మానును. అట్టివానిని మేలుకొలుపగలది శ్రోత యొక్కతె.

మరియొక కారణమును గలదు. తొలినాళ్ల రేడియో నాటకములనేకము నటులు పలుకుచుండగనే ప్రసారమై గాలిలో కలసిపోయినవి. సీషెల్సు దీవులనుండి 1970లో మొదలైన ఫెబా వారి క్రైస్తవ ప్రసారములు 2003లో నిలిచిపోయినవి. రేడియో వెరితాస్ ఆసియా 2018లో షార్టువేవును విడిచి అంతర్జాలమును ఆశ్రయించెను. గొంతులు పోయిన చోట, విన్నవారు వ్రాసియుంచిన మాటలే చరిత్రకు మిగులును. మన ఇండ్లలో ఎందరు తల్లులు, ఎందరు తాతలు ఆ కథలను విని కన్నీరు పెట్టుకొనిరో, ఎందరు నవ్విరో, వ్రాసిపెట్టిన పుస్తక మెచ్చట?

కావున చదువుకొన్న గృహస్థులకును, గృహిణులకును మా మనవి యిది. ఏ మతమువారి నాటకమైనను సరే, ఇంటిల్లిపాదియు కలసి వినుడు. విన్న పిదప తేదీయు, కథ పేరును వ్రాసి, నమ్మిన చోటును, నమ్మలేకపోయిన చోటును రెండు మాటలలో తెలుపుడు. పిల్లల మాటలను దిద్దక ఉన్నవి ఉన్నట్లే వ్రాయుడు. ఒక ప్రతిని నిర్మించినవారికి పంపి, ఒకటి బీరువాలో దాచుడు. ముసలమ్మ పౌరాణికు నడిగిన ప్రశ్న అరుగుతోనే అంతరింపకుండుగాక.