ఐడ్లింగ్ దగ్గరే తగవు

1920లలో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్ విన్‌ఫీల్డ్ అనే ఆయన కార్బ్యురేటర్లు తయారుచేసేవాడు, క్యామ్‌షాఫ్టులూ సానపట్టేవాడు. గాలి ఎప్పుడు లోపలికి రావాలో, దానిలో పెట్రోలు ఎంత కలవాలో చూసే చెయ్యి ఒక్కటే. తర్వాత ఈ రెండు పనులూ విడిపోయాయి. రేసు క్యామ్ వేసిన బండి ఐడ్లింగ్‌లో నిలవకపోవడం అనే గొడవ అంతా ఆ వేరుకాపురంతోనే ముదిరిందని నా అనుమానం.

1932లో ఫోర్డ్ చవకైన వీ8 తెచ్చింది. కుర్రకారుకి పెద్ద ఇంజన్ అందింది. 1946లో ఎడ్ ఇస్కెండేరియన్ క్యామ్‌ల వ్యాపారం మొదలుపెట్టాడు. రేసు క్యామ్ వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఎగ్జాస్టు వాల్వు మూసుకోకముందే ఇన్‌లెట్ తెరుచుకుంటుంది. ఇదే ఓవర్‌ల్యాప్. ఆరువేల ఆర్‌పీఎంలో బయటికి దూసుకుపోయే పొగ తన వెనకే కొత్తగాలిని లాగుతుంది. ఏడొందల దగ్గర ఆ సందులోంచే పొగ మేనిఫోల్డులోకి ఎదురుతన్నుతుంది. ఒక పేలుడు సరిగా పడితే ఇంకోటి తప్పుతుంది. మన బుల్లెట్ డుగ్‌డుగ్‌తో దీన్ని పోల్చకండి. ఆ డుగ్‌డుగ్‌కి ఒక తాళం ఉంది, దీనికి లేదు.

కార్బ్యురేటర్ రోజుల్లో స్క్రూడ్రైవరే మందు. స్లోస్పీడు పెంచి, మిశ్రమం కాస్త చిక్కబరచి, టైమింగు ముందుకు జరిపితే బండి వణుకుతూనైనా నిలబడేది.

1967లో కార్బ్యురేటర్‌కి బదులుగా బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్ డీ-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్‌లోకి వచ్చింది. 'డీ' అంటే జర్మన్‌లో డ్రుక్, ఒత్తిడి. మేనిఫోల్డు ఒత్తిడిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో అది తేల్చుకుంటుంది. 1986లో ఫోర్డ్ మస్టాంగ్ 5.0కి వచ్చిన ఇంజెక్షన్‌దీ ఇదే పద్ధతి. స్పీడ్ డెన్సిటీ అన్నారు. కంపెనీ క్యామ్ ఉన్నంతకాలం పేచీ లేదు. పెద్ద క్యామ్ వేస్తే ఐడ్లింగ్‌లో వాక్యూమ్ పడిపోతుంది, మేనిఫోల్డులో ఒత్తిడి పెరుగుతుంది. కంప్యూటరేమో బండి మీద బరువు పడిందనుకుని పెట్రోలు గుమ్మరిస్తుంది. ఇంజన్ ఊగుతుంది, నల్లపొగ కక్కి ఆగిపోతుంది. ఇక్కడ తిప్పడానికి స్క్రూ లేదు. లెక్కంతా చిప్పులో ఉంది.

1988లో కాలిఫోర్నియాలో అమ్మే ఈ మస్టాంగ్‌లకు, 1989లో అన్నిటికీ ఫోర్డ్ మాస్ ఎయిర్ మీటర్ పెట్టింది. వచ్చే గాలిని ఊహించే బదులు వేడితీగతో నేరుగా కొలిచే సాధనం. పాత మస్టాంగ్‌ల వాళ్లు దాన్ని తెచ్చి తగిలించుకున్నారు. అయినా ఒక మెలిక మిగిలింది. ఓవర్‌ల్యాప్‌లో కాలని గాలి కొంత ఎగ్జాస్టులోకి జారుతుంది. అక్కడి ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి మిశ్రమం పల్చబడిందని చెబుతుంది. నిజానికి పెట్రోలు చాలినంత ఉన్నా కంప్యూటర్ ఇంకా పోస్తుంది.

అందుకే నేటి ట్యూనర్లు ఐడ్లింగ్‌లో ఆ సెన్సర్ మాట వినకుండా చేస్తారు. ఆర్‌పీఎం ఎనిమిది, తొమ్మిది వందలకు పెంచుతారు. వేగం పడితే స్పార్కు ముందుకు, పెరిగితే వెనక్కి జరిగేలా పట్టిక రాస్తారు. గాలికన్నా స్పార్కు వేగంగా అందుకుంటుంది మరి. 2001 నాటికి బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు తయారుచేసిన మెగాస్క్విర్ట్ అనే ఇంజన్ కంప్యూటర్ వచ్చింది. ఇంటి షెడ్డులో ఉన్నవాడి చేతికీ ఈ పట్టికలు అందాయి. అసలు క్యామ్ కొనేటప్పుడే దాని మీద ఇన్‌లెట్, ఎగ్జాస్టు వాల్వుల్ని నెట్టే ఉబ్బుల (లోబుల) మధ్య కోణం 112, 114 డిగ్రీలు ఎంచుకుంటే సగం బాధ తగ్గుతుంది. 106, 108 అయితే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, వణుకూ పెరుగుతుంది.

ఇంతా చేస్తే, కంపెనీ క్యామ్‌తో నున్నగా తిరిగే ఇంజన్‌ని స్పార్కు పట్టికలతో చెడగొట్టి, పెద్ద క్యామ్ ఉన్నట్టు కుంటించి డబ్బు తీసుకునే ట్యూనర్లూ ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. దానికి 'ఘోస్ట్ క్యామ్' అని పేరు.