యూనిఫాం వేసుకోని బడే మియా

మన పట్నంలో ఫుట్‌బాల్ ఆడి బతకడమన్నది ఖాకీ బట్టలతో మొదలైంది. నిజాం పాలన చివరి రోజుల్లో నగర పోలీసు జట్టు కట్టినప్పుడు, ఆటగాడికి ఆట కోసం జీతం ఇవ్వడం ఈ దేశంలో ఎవరూ ఎరగని పద్ధతి. అందుకని పోలీసు కొలువు ఇచ్చారు. పొద్దున పరేడు, సాయంత్రం బంతి, ఒకటో తారీకున జీతం. పేరుకు అమెచ్యూర్ ఆట. కానీ ఆ కుర్రాడి ఇంట్లో పొయ్యి వెలిగింది బంతి వల్లేనని వీధివీధికీ తెలుసు.

ఎర్రగడ్డ నుంచి వస్తున్న ఈ జూబ్లీ సంచికకు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర రాయమన్న సంపాదకులు, గెలిచిన కప్పుల లెక్క మరిచిపోవద్దని గట్టిగా చెప్పారు. ఆ పని ముందే ముగిస్తాను. బొంబాయి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీసుదే. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లో వచ్చింది. 1961లో మళ్లీ వచ్చేసరికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లోనూ, ఆంధ్రప్రదేశ్ 1965-66లోనూ గెలిచాయి. ఆ తర్వాత ఆ ట్రోఫీ మనవైపు తిరిగి చూడలేదు.

కప్పులు అద్దాల బీరువాలో ఉంటాయి. వాటిని గెలిచిన పిల్లల్ని ఎవరు ఏరి తెచ్చారన్నది నా కథ.

మొదటి మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో ఇక్కడే పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి పోలీసు జట్టుకు కోచ్. పంతులు కావడం ఆయనకు బాగా కలిసొచ్చింది. ఏ పిల్లవాడు ఎందుకు వెనకబడ్డాడో, ఎవడికి దేని భయమో పంతులుకు తెలిసినంతగా పోలీసు అధికారికి తెలియదు. బడి మైదానాలు, కంటోన్మెంటు గల్లీలు, లీగ్ మ్యాచులు అన్నీ తిరిగేవారు. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం ఆయన కంట పడింది అలాగే. సెలక్షన్‌కి రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చారని బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు. ఆ కుర్రాడే 1956లో రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టుతో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ కూడా అదే జట్టు, అదే పట్నం. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు.

రహీం సాబ్ పిల్లల కోసం పెట్టిన టోర్నమెంట్ల గురించి ఎవరైనా విడిగా ఒక పుస్తకం రాయాలి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. చూసేవాళ్లకు అది కాసేపు నవ్వులాట. రహీం సాబ్‌కు మాత్రం అది పరీక్ష హాలు. మంచి కాలు వాడే వీలు లేనప్పుడు పిల్లవాడి బుర్ర ఏం చేస్తుందో అక్కడే బయటపడుతుంది. మన పక్కనే కృష్ణానగర్‌లో తెల్లారేసరికి జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్లు మొహాలు చూసి మనుషుల్ని ఏరుకుంటారు. రహీం సాబ్ మొహమూ చూడలేదు, మంచి కాలూ చూడలేదు. చేతకాని కాలు చూశారు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. లక్షమంది ప్రేక్షకులు మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి తప్పుపట్టినందుకు ఆ కోపం. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆసియా బంగారం మనకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. మహమ్మద్ హబీబ్. 1949 జూలై 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఇంటినిండా ఆటగాళ్లే. మొయిన్, ఆజం, ఫరీద్, జాఫర్, అక్బర్, అందరూ బంతి వెనక పడ్డవాళ్లే. తమ్ముడు అక్బర్ 1976లో కలకత్తా డెర్బీలో మోహన్ బగాన్ తరఫున 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. టికెట్టు కొని ఇంకా మెట్లెక్కుతున్న వాళ్లకు ఆ గోల్ దక్కలేదు. హబీబ్ మాత్రం ముందు వరసలో నిలబడి బంతి కోసం ఎదురుచూసే రకం కాదు. ఇన్‌సైడ్ ఫార్వర్డ్ అనేవాళ్లు అప్పట్లో. మైదానం నడుమ ఉండి, వెనక్కి పరుగెత్తి బంతి గుంజుకుని, తానే పైకి తీసుకెళ్లి, అందించి, మళ్లీ వెనక్కి వచ్చేవాడు. మనిషి పొడుగూ కాదు, లావూ కాదు. తొంభై నిమిషాలు ఆగని కాళ్లు, ఓటమంటే పడని మనసు. కలకత్తా ఆయన్ని బడే మియా అంది.

పదిహేడేళ్లకు, 1966లో, ఈస్ట్ బెంగాల్ తీసుకుంది. పద్దెనిమిదేళ్లపాటు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు, ఒక్కోదానికి ఒకటికి రెండుసార్లు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా మనూరి వాడే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే, కార్లోస్ అల్బెర్టో ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా ముగించిన మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌ది. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

ఇవన్నీ వికెట్లు, పరుగుల మాదిరి లెక్కలు. నన్ను ఆకట్టుకునేది వేరే. ఆయనతో ఆడిన చాలామందికి బ్యాంకులోనో రైల్వేలోనో పోలీసులోనో కుర్చీ ఉండేది. క్లబ్బు డబ్బు పైసంపాదన, కొలువు అసలు భరోసా. మోకాలు పోతే ఆదుకునేది కొలువే. హబీబ్‌కు ఆ దారి తెరిచే ఉన్నా పోలేదు. ఆటే తన పని అని క్లబ్బు ఇచ్చే డబ్బు మీదే ఇల్లు నడిపాడు. భారత ఫుట్‌బాల్‌లో తొలి నిజమైన ప్రొఫెషనల్ అని ఆయన్ని అనడం అందుకే. పోలీసు జట్టు పెంచిన పట్నంలో పుట్టి యూనిఫాం అక్కర్లేదనడం మామూలు ధైర్యం కాదు. లీగ్ కాంట్రాక్టులు, ఏజెంట్లు, ఇన్సూరెన్సు ఉన్న ఈ రోజుల్లో నిలబడి చూస్తే ఆ తెగింపు లోతు అంత తేలిగ్గా అందదు.

ఆట మానాక ఆయన కోచ్ అయ్యాడు. జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో మొదలైంది. దేశం నలుమూలల నుంచి పిల్లల్ని ఏరి, అక్కడే ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పించి, ఆట నేర్పే చోటు. కార్ల్టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్ లాంటి వాళ్లు అక్కడి నుంచే వచ్చారు. హబీబ్ ఆ అకాడమీలో పిల్లలకు ఆట నేర్పాడు. తర్వాత హల్దియాలో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం నడిపిన అకాడమీలోనూ కోచ్‌గా చేశాడు.

నాకు కొరుకుడు పడనిది ఇదే. రహీం సాబ్ చేసిన పని చేయగల మనిషి మళ్లీ మన గల్లీల్లోనే పుట్టాడు, కానీ ఆ పని చేసింది జంషెడ్‌పూర్‌లో, హల్దియాలో. ఆయనొక్కడే కాదు. నయీముద్దీన్‌కు ద్రోణాచార్య అవార్డు వచ్చింది, కోచింగ్ కలకత్తాలో, ఢాకాలో, భారత జట్టుతో. షబ్బీర్ అలీ సాల్గాంకర్‌ను గోవాలో జాతీయ లీగ్ విజేతగా నిలబెట్టాడు. రహీం సాబ్ కొడుకు హకీం వైమానిక దళంలో పనిచేసి, ఫిఫా రిఫరీ అయ్యాడు. ఏరే కళ్లు మన దగ్గర పుట్టి, మన దగ్గర తప్ప అన్నిచోట్లా చూశాయి.

దీనికి క్రికెట్‌ను తిట్టడం సులువు. నా లెక్క వేరు. పోలీసు జట్టు అన్నది ఒక యంత్రం. దానికి కోచ్ కావాలి, శివకుమార్ లాల్ వంటి ఆట పిచ్చి ఉన్న పోలీసు అధికారి కావాలి, ఏటా కొన్ని కొలువులు ఆటగాళ్లకని పక్కన పెట్టాలి. 1963లో కోచ్ పోయాడు. అధికారులు మారారు. కొలువులు పరీక్షల దారి పట్టాయి. మైదానం ఉంటే చాలు పిల్లలు వాళ్లే వస్తారనుకున్నాం. పిల్లలు వస్తూనే ఉన్నారు, చూసేవాడే లేడు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, 2025లో ఢిల్లీకి మారి వేరే పేరు పెట్టుకుంది. లైసెన్సు సామాను సర్దుకుని రైలెక్కగలదు. రోవర్స్ గెలిచిన పోలీసు జట్టు ఎక్కడికీ పోలేకపోయేది, ఎందుకంటే దాని ఆటగాళ్లంతా ఇక్కడి ఠాణాల్లో హాజరు వేయాల్సినవాళ్లు.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్, మతిమరుపు. కలకత్తా పత్రికలు మొదటి పేజీలో వేశాయి. మన పేపర్లలో క్రీడల పేజీ దాకా వెళ్లి వెతుక్కోవాలి.

సంచిక కమిటీ వారికి ఒక మాట. ఉత్సవాల పేరుతో శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బులో కొంత తీసి, వచ్చే వేసవిలో ఎర్రగడ్డ, బోరబండ, మూసాపేట, యూసుఫ్‌గూడ బడుల పిల్లలకు రహీం సాబ్ టోర్నమెంటు ఒకటి పెట్టండి. పద్నాలుగేళ్ల లోపు వాళ్లు, జట్టుకు ఏడుగురు, చేతకాని కాలితోనే ఆట. ఎవడైనా కాలు మారిస్తే రిఫరీ ఎదుటి జట్టుకు ఫ్రీకిక్ ఇవ్వాలి. పాత పోలీసు జట్టులో ఆడినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి, చేతికి నోట్‌బుక్కు, పెన్ను ఇవ్వండి. బహుమతి ప్రదానానికి సినిమా హీరోను పిలవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పిలిస్తే మాత్రం మ్యాచ్ అయ్యాకే మైదానంలోకి రానివ్వండి, లేకపోతే పిల్లలు బంతి చూడరు.